పదడుగుల మడికి ఒక్క సంచి: హైదరాబాద్ పెరళ్లలో పశువుల ఎరువు లెక్క

నగరంలోనే తబేలాలు (పాడి పశువుల కొట్టాలు), జియాగూడలో మేకలు, గొర్రెల మండీ, శివార్లు దాటితే కోళ్ల ఫారాలు. హైదరాబాద్‌లో పశువుల ఎరువుకు కరువు లేదు. సంచులకొద్దీ తెచ్చి మొక్కల మొదట్లో కుమ్మరించేవారికీ కొదవ లేదు. అయినా నర్సరీల దగ్గర, మిద్దె తోటలవాళ్ల మధ్య ఒకే రకం ఫిర్యాదులు తిరుగుతుంటాయి: ఎరువు వేసిన వారానికే మొక్క మాడింది, కుండీలో చెదలు పట్టాయి, మడి నిండా తుంగ లేచింది, కొత్త చిగుళ్లు పసుపు రంగుకు తిరిగాయి. దాదాపు ఇవన్నీ మూడు చోట్ల నుంచే పుడతాయి. ఎరువు మాగలేదు, లేదా దాంట్లో ఏం కలిసిందో ఎవరూ చూడలేదు, లేదా కొలత లేకుండా వేశారు. ఆవుదా, గేదెదా, మేకదా అని కొనేముందు అడిగే ప్రశ్న వీటి తర్వాతే రావాలి.

ఇక్కడి నేల సంగతి

హైదరాబాద్ గ్రానైటు బండ మీద కూర్చున్న ఊరు. ఆ రాయి చివికి ఏర్పడిన ఎర్ర నేలలే నగరంలో ఎక్కువ భాగం. రైతులు చల్కా అనే ఈ నేలల్లో ఇసుక పాలు ఎక్కువ, నీళ్లు నిలవవు, సేంద్రియ కర్బనం తక్కువ. భూసార పరీక్ష చీటీలో సేంద్రియ కర్బనం 0.5 శాతం లోపు ఉంటే తక్కువ అని, 0.75 దాటితే ఎక్కువ అని రాస్తారు. చల్కా నేలల్లో 0.5 దాటడమే గొప్ప. చేవెళ్ల, శంకర్‌పల్లి వైపు వెళ్తే నల్లరేగడి తగులుతుంది. అది నీటిని పట్టుకుంటుంది కానీ తడిస్తే జిగురు, ఎండితే నెర్రెలు.

కాలనీ ఇళ్లలో, అపార్ట్‌మెంట్ల చుట్టూ ఉండేది చాలాసార్లు ఈ రెండూ కాదు. పునాది తీసిన మొరం, విరిగిన ఇటుకలు, గట్టిపడిన సిమెంటు పెళ్లలు, పైన ఆరంగుళాల ఎర్రమట్టి. ఇలాంటి చోట ఎంత ఎరువు పోసినా వేరు దిగదు. గడ్డపారతో అడుగున్నర లోతు తవ్వి చూడాలి. సిమెంటు ముక్కలు, సున్నం కనిపిస్తే ఏరి పారేసి కొత్త మట్టి పోయించాలి. సిమెంటు కలిసిన నేల క్షారంగా ఉంటుంది, దాని ఉదజని సూచికను (pH) ఎరువు కొద్దిగా దించగలదే తప్ప మార్చలేదు.

ఎర్ర నేలకు ఎరువు చేసే మేలు ప్రధానంగా నీటిది. చివికిన పశువుల ఎరువు ఇసుక రేణువుల మధ్య చేరి తేమను పట్టి ఉంచుతుంది, పోషకాలు నీళ్లతోపాటు కిందికి జారిపోకుండా ఆపుతుంది. రేగడిలో అదే ఎరువు బంకమట్టిని గుల్లగా చేస్తుంది, గాలి ఆడేలా చేస్తుంది. ఒకచోట పట్టించడం, మరోచోట విడగొట్టడం. రెండు చోట్లా పని చేసేది బాగా చివికిన నల్లటి పదార్థమే. పచ్చి పేడ ఈ రెండు పనుల్లో ఏదీ వెంటనే చేయదు.

సంచిలో నిజంగా ఏముంటుంది

చివికిన పశువుల ఎరువులో నత్రజని సుమారు 0.5 శాతం, భాస్వరం 0.2 శాతం, పొటాష్ 0.5 శాతం. మేక, గొర్రె ఎరువు ఎండినది చూస్తే నత్రజని 3 శాతం దాకా, భాస్వరం 1, పొటాష్ 2 శాతం ఉంటాయి. కోళ్ల ఎరువులో నత్రజని 3 శాతం, భాస్వరం 2.6 శాతం దాకా వెళ్తుంది. ఈ అంకెలు చూసి కోళ్ల ఎరువు ఆరింతలు మేలని తేల్చేస్తారు. నత్రజని వరకు అది నిజమే. కానీ మోతాదు కూడా ఆరో వంతుకు దించాలి, అప్పుడు నేలకు చేరే సేంద్రియ పదార్థమూ ఆ మేరకు తగ్గిపోతుంది. నేల బాగుపడాలంటే పశువుల ఎరువు, పంటకు తిండి త్వరగా అందాలంటే కోళ్ల ఎరువు. ఒకదాని పని రెండోదానికి అప్పగిస్తే చెడుతుంది.

పశువు విసర్జించే నత్రజనిలో దాదాపు సగం, పొటాష్‌లో ఎక్కువ భాగం మూత్రంలోనే పోతాయి. ఈ సంగతిని చాలామంది లెక్కలోకి తీసుకోరు. నగరంలో తబేలాల నేల సిమెంటుది. పొద్దున్నే పైపు పెట్టి కడిగేస్తారు, మూత్రమంతా మోరీ పాలవుతుంది. మిగిలిన పేడ శుభ్రంగా కనిపిస్తుంది కానీ సగం సారం అప్పటికే పోయింది. ఊరిలో కొట్టం అడుగున మూత్రంతో తడిసి, తొక్కుడుపడి, మాసిపోయిన వరిగడ్డి చూడటానికి బాగుండదు, ఎరువుగా మాత్రం దానిదే పైచేయి. మొయినాబాద్, ఇబ్రహీంపట్నం వైపు తెలిసినవాళ్ల పశువులుంటే పేడకన్నా ముందు అడగాల్సింది కొట్టం ఊడ్చిన గడ్డిని. గొల్ల కురుమల చేత పొలంలో గొర్రెల మంద పెట్టించడం వెనకా ఇదే లెక్క ఉంది. రాత్రంతా మంద అక్కడే పడుకుంటే పెంటికలతోపాటు మూత్రమూ నేరుగా నేలలో ఇంకుతుంది, మోత కూలి ఉండదు.

ట్రాక్టర్ మీద తోలించుకునేవాళ్లు ఇంకోటి చూసుకోవాలి. పెంటకుప్పను పారతో, జేసీబీతో ఎత్తేటప్పుడు అడుగు మట్టి కూడా లేస్తుంది. నల్లగా, బరువుగా ఉంటే మంచి ఎరువనుకుంటారు, ఆ బరువులో సగం మట్టి కావచ్చు. పరీక్ష తేలిక. గాజు గ్లాసులో ముప్పావు వంతు నీళ్లు పోసి, రెండు చెంచాల ఎరువు వేసి, బాగా కలిపి పది నిమిషాలు కదపకుండా పెట్టాలి. ఇసుక, మట్టి అడుగున గట్టి పొరగా దిగుతాయి. సేంద్రియ పదార్థం కొంత తేలుతుంది, కొంత ఆ పొర మీద మెత్తగా నిలుస్తుంది. గట్టి పొర మందం మొత్తంలో మూడో వంతు దాటితే ట్రిప్పు ధర తగ్గించమనాలి, లేదా వద్దనాలి. ఆ మట్టితోపాటే తుంగ గడ్డలూ వస్తాయి. ఒకసారి పెరట్లో తుంగ దిగిందంటే అది ఎరువు ఖర్చు కన్నా పెద్ద ఖర్చు.

పశువుల వారీగా చూస్తే, ఆవు, గేదె పేడల మధ్య తోటకు తేడా స్వల్పం. గేదె పేడలో తేమ కాస్త ఎక్కువ, మాగడానికి ఎండుటాకు ఎక్కువ పడుతుంది, అంతే. మేక పెంటికలది వేరే సమస్య. పైన పొర గట్టిగా ఉండి, ఎండాక గవ్వల్లా అవుతాయి. ఆరు నెలల తర్వాత తవ్వినా మడిలో అలాగే కనిపిస్తాయి. ఒక పెంటికను గోటితో రెండు ముక్కలు చేసి చూడాలి. లోపల పచ్చగా, నారగా ఉంటే మాగలేదు. గోధుమ రంగులో పొడిలా రాలితే సిద్ధమైనట్టు. రెండు రోజులు నీళ్లలో నానబెట్టి, సంచిలో వేసి రోకలితోనో ఇటుకతోనో నలిపి వాడితే పని త్వరగా జరుగుతుంది. మలక్‌పేట రేసుకోర్సు ఉన్న ఊరు కాబట్టి గుర్రపు లద్దె కూడా అక్కడక్కడా దొరుకుతుంది. కుప్ప పెడితే త్వరగా వేడెక్కుతుంది, కానీ గుర్రం నెమరు వేయదు కాబట్టి గడ్డి గింజలు అరగకుండా బయటికొస్తాయి. వేడి కుప్పలో మాగించకుండా వాడకూడదు. అడుగున పరిచింది రంపపు పొట్టు అయితే ఇంకా జాగ్రత్త. రంపపు పొట్టు నేలలో చివికేటప్పుడు చుట్టూ ఉన్న నత్రజనిని సూక్ష్మజీవులే వాడేసుకుంటాయి, మొక్కలు పాలిపోతాయి.

కోళ్ల ఎరువు రెండు రకాలు, ఫారం వాళ్లను అడగకుండా కొనకూడదు. బ్రాయిలర్ షెడ్డులో వరి ఊక మీద పడిన రెట్ట ఊకతో కలిసి వస్తుంది. గుడ్ల కోళ్ల బోనుల కింద పడేది ఉత్త రెట్ట. పెంకు కోసం గుడ్ల కోళ్ల దాణాలో 3.5 నుంచి 4 శాతం కాల్షియం ఉంటుంది, అందులో కొంత రెట్టలోకి వస్తుంది. నగరంలో చాలా బోరు నీళ్లు ఉప్పు, కఠినత్వం ఉన్నవే. ఆ నీళ్లు పోసే కుండీలకు ఈ రెట్ట వరసగా వేస్తే సున్నం మీద సున్నం పేరుతుంది. మంజీరా, కృష్ణా నీళ్లు వాడేవాళ్లకు ఇంత ఇబ్బంది ఉండదు. కుండీ అంచు చుట్టూ తెల్లటి పొక్కు, ఆకుల కొసలు కాలినట్టు గోధుమ రంగు, రెండూ కలిసి కనిపిస్తే ఉప్పు పేరినట్టే. ఆ కుండీకి కోళ్ల ఎరువు ఆపేసి, కుండీ పరిమాణానికి రెట్టింపు నీళ్లను మెల్లగా పోసి అడుగు రంధ్రం నుంచి పారనివ్వాలి.

మాగబెట్టడం

పచ్చి పేడను నేరుగా వేస్తే మొక్క మాడుతుందని అందరికీ తెలుసు. ఎందుకు మాడుతుందో తెలిస్తే జాగ్రత్త ఎక్కడ పడాలో తెలుస్తుంది. పచ్చి పేడ చివికేటప్పుడు అమ్మోనియా వెలువడుతుంది, ఉప్పులు విడుదలవుతాయి, వేరు చుట్టూ ఆక్సిజన్‌ను సూక్ష్మజీవులు లాగేసుకుంటాయి. ఇవన్నీ వేరు దగ్గర జరిగితే వేరు చస్తుంది. కుప్పలో జరిగితే నష్టం లేదు. మాగబెట్టడమంటే ఆ పనినంతా మొక్కకు దూరంగా ముందే ముగించడం.

కుప్ప వేడెక్కాలంటే పొడవు, వెడల్పు, ఎత్తు కనీసం మూడేసి అడుగులుండాలి. అంతకన్నా చిన్నదైతే పుట్టిన వేడి పక్కల నుంచి పోతుంది, పేడ ఎండుతుందే తప్ప మాగదు. ఫిబ్రవరి, మార్చి నెలల్లో కాలనీ రోడ్ల మీద వేప, కానుగ, రావి ఆకు గుట్టలుగా రాలుతుంది. తగలబెట్టేలోపు దాన్ని సంచులకెత్తి దాచుకోవాలి. ఐదు గంపల పచ్చి పేడకు పదిహేను గంపల ఎండాకు లెక్క. అడుగున కొమ్మలు, పుల్లలు ఆరంగుళాల మందం పరచాలి, కింద గాలి ఆడటానికి. దానిపైన ఆరంగుళాల ఆకు, రెండంగుళాల పేడ, మళ్లీ ఆకు, పేడ, ఇలా. ఆకు ఎండుగా ఉంటే ప్రతి పొర మీద నీళ్లు చల్లాలి. కుప్ప లోపలి నుంచి పిడికెడు తీసి గట్టిగా పిండితే ఒకటి రెండు చుక్కలు రాలాలి. ధారగా కారితే తడి ఎక్కువ, చుక్క రాకుండా ముద్ద విడిపోతే తక్కువ.

మూడు నాలుగు రోజుల్లో లోపల 55 నుంచి 65 డిగ్రీల వేడి పుడుతుంది. థర్మామీటరు లేకపోతే ఇనుప చువ్వ గుచ్చి పది నిమిషాలు ఉంచి తీస్తే చాలు, చెయ్యి పెట్టి పట్టుకోలేనంత వేడి ఉండాలి. ఆ వేడికే గడ్డి విత్తనాలు, ఈగ పురుగులు, రోగక్రిములు చస్తాయి. అయితే వేడి మధ్యలోనే ఉంటుంది, అంచులు చల్లగా ఉంటాయి. అందుకే తిరగవేయాలి, అంచుది మధ్యకు, మధ్యది అంచుకు. అమెరికా సేంద్రియ ప్రమాణాల్లో ఆరుబయట కుప్పకు 55 డిగ్రీలకు తగ్గకుండా 15 రోజులు, ఆ లోపు ఐదుసార్లు తిరగవేత అని నిబంధన ఉంది. పెరటి కుప్పకు అంత పట్టింపు కుదరకపోయినా వారానికోసారి చొప్పున నాలుగుసార్లు తిరగవేయడం ఎవరికైనా సాధ్యమే. తర్వాత కదపకుండా రెండు మూడు నెలలు వదలాలి. అప్పటికి కుప్ప సగానికి పైగా దిగిపోతుంది.

ఏప్రిల్, మే ఎండల్లో ఇక్కడ కుప్పకు తడి ఆరడమే పెద్ద గండం. 40 డిగ్రీల ఎండలో పైన గోనె సంచులు కప్పకపోతే వారంలో ఎండిపోతుంది. తిరగవేసేటప్పుడు లోపల బూడిద చల్లినట్టు తెల్లటి పొడి కనిపిస్తే తెగులు అనుకుని భయపడతారు. అది వేడికి తడి ఆరిపోయి, వేడిని తట్టుకునే సూక్ష్మజీవులు మాత్రమే మిగిలిన చోటు. రెండు మూడు బకెట్ల నీళ్లు చల్లి తిరగవేస్తే మళ్లీ దారిలో పడుతుంది. వానాకాలంలో దీనికి తిరగబడిన బాధ, టార్పాలిన్ లేకపోతే సారమంతా గోధుమ నీళ్లై కారిపోతుంది. కారిన నీళ్లు గచ్చు మీద మరకలు పడితే పక్కింటివాళ్లతో గొడవ కూడా ఖాయం.

వాసన చాలా చెబుతుంది. ముక్కుకు ఘాటుగా అమ్మోనియా కొడితే డబ్బు పెట్టి కొన్న నత్రజని గాల్లోకి పోతున్నట్టు, ఎండాకు కలపాలి. కుళ్లిన గుడ్డు వాసనైతే నీళ్లు ఎక్కువై గాలి ఆడటం లేదు, విప్పి ఆరబెట్టి మళ్లీ పేర్చాలి. పొయ్యి బూడిదను పేడకుప్ప మీద పోసే అలవాటు ఊళ్లలో చాలాచోట్ల ఉంది. అది మానాలి. బూడిద క్షారం, పేడలోని నత్రజనిని అమ్మోనియాగా మార్చి తరిమేస్తుంది. బూడిద వేయాలంటే విడిగా, వేరే నెలలో, నేరుగా నేలకు వేసుకోవచ్చు.

కుప్పలో పురుగులు

ఎరువు సంచి విప్పగానే తెల్లగా, లావుగా, వంకర తిరిగిన పురుగులు కనిపిస్తే సంచి మొత్తం పారేసేవాళ్లున్నారు. తొందరపడక్కర్లేదు. ఒక పురుగును చదునైన పలక మీద లేదా గచ్చు మీద వదిలి చూడాలి. వెల్లకిలా తిరిగి, కాళ్లు పైకి పెట్టి, వీపు మీద పాకుతూ పోతే అది పూల పెంకుపురుగు పిల్ల. కుళ్లిన పదార్థాన్ని తిని చక్కటి ఎరువుగా మారుస్తుంది, కుప్పలో ఉండనివ్వచ్చు. పాకలేక పక్కకు ఒరిగి, వంకర తిరిగి పడి ఉంటే వేరుపురుగో కొబ్బరికి పట్టే కొమ్ముపురుగో అయి ఉంటుంది. వేరుపురుగు మడిలోకి వస్తే గులాబీ, మిరప వేళ్లను కొరుకుతుంది. కొమ్ముపురుగు పేడకుప్పలోనే గుడ్లు పెట్టి పెరుగుతుంది, పెద్దదై కొబ్బరి మొవ్వులోకి తొలుచుకుపోతుంది. ఇంట్లో కొబ్బరి చెట్టు ఉన్నవాళ్లు పేడకుప్పను నెలల తరబడి కదపకుండా ఉంచకూడదు. ఎరువును గచ్చు మీద పలచగా పరిస్తే మైనాలు, కాకులు వచ్చి ఏరుకు తింటాయి. మిగిలితే మెటారైజియం అనే శిలీంద్ర పొడిని నీళ్లలో కలిపి కుప్ప మీద చల్లాలి.

చెదల సంగతి వేరు. అవి ఎరువుతో రావడం కన్నా ఎండిన పిడకలు, చివకని గడ్డి ఉన్నచోటికి వెతుక్కుంటూ రావడమే ఎక్కువ. మాగని ఎరువు వేసి, నీళ్లు తక్కువ పోసిన మడిలోనే చెదల బాధ. మాగిన ఎరువులో పదో వంతు వేపపిండి కలపడం దీనికీ, వేరుపురుగుకూ కూడా ముందు జాగ్రత్త. వ్యవసాయ శాఖ, విశ్వవిద్యాలయాలు చాలాకాలంగా చెబుతున్న ట్రైకోడెర్మా (తెగుళ్లను అణిచే శిలీంద్రం) పద్ధతి దీని మీదే నిలబడింది: 90 కిలోల మాగిన పశువుల ఎరువు, 10 కిలోల వేపపిండి, 2 కిలోల ట్రైకోడెర్మా విరిడి పొడి. కలిపి తగినంత తడి చేసి, నీడలో గోనె కప్పి, పది పదిహేను రోజులు ఉంచాలి. పైన తెల్ల బూజు, తర్వాత ఆకుపచ్చ పొడి కనిపిస్తే శిలీంద్రం పెరిగినట్టు. పెరటికైతే 9 కిలోలు, 1 కిలో, 200 గ్రాములు చాలు. ఎండుతెగులు, వేరుకుళ్లు వచ్చే టమాటా, వంగ మడులకు దీనంత చవకైన రక్షణ లేదు. కుప్ప ఇంకా వేడిగా ఉన్నప్పుడు కలిపితే మాత్రం శిలీంద్రం చస్తుంది, డబ్బు దండగ.

మాగిందో లేదో తేల్చుకోవడానికి మెంతులు ఉన్నాయి. రెండు పేపరు కప్పులు తీసుకుని, ఒకదానిలో ఉత్త మట్టి, రెండోదానిలో రెండు వంతుల మట్టికి ఒక వంతు ఎరువు కలిపి నింపి, ఇరవయ్యేసి గింజలు వేయాలి. ఐదో రోజుకు రెంటిలోనూ ఇంచుమించు ఒకేలా మొలవాలి. ఎరువు కప్పులో నాలుగో వంతు గింజలు తక్కువ మొలిచినా, పీకి చూస్తే వేరు కొసలు గోధుమ రంగులో ఉన్నా ఇంకో నెల ఆగాలి.

ఎంత వేయాలి

కూరగాయలకు ఎకరాకు 10 టన్నుల పశువుల ఎరువు అన్నది తెలుగు రైతుకు పాత లెక్కే. పెరటికి దించితే చదరపు మీటరుకు రెండున్నర కిలోలు, పదడుగుల పొడవు, పదడుగుల వెడల్పు మడికి 23 కిలోలు. ఖాళీ సిమెంటు సంచిలో మాగిన ఎరువు నింపితే దగ్గర దగ్గర ఇంతే పడుతుంది. అంటే పదడుగుల మడికి ఒక సంచి. పరిస్తే అర సెంటీమీటరు మందం కూడా రాదు. ఇంతేనా అనిపిస్తుంది, అందుకే చాలామంది రెండంగుళాల మందం పోస్తారు. రెండంగుళాలంటే ఆ మడికి 12 సంచులు.

ఈ పన్నెండింతల మోతాదుతో ఏమవుతుందో లెక్క కట్టవచ్చు. టమాటా లాంటి పంటకు సుమారుగా ఎకరాకు 24 కిలోల భాస్వరం చెబుతారు, చదరపు మీటరుకు 6 గ్రాములు. రెండంగుళాల ఎరువులో భాస్వరం 60 గ్రాములు ఉంటుంది. అది నీళ్లలో కొట్టుకుపోయేది కాదు, అక్కడే పేరుతుంది. ఏటా ఇలా చేస్తే భాస్వరం ఎక్కువై జింకు, ఇనుము వేరుకు అందవు. లేత ఆకులు పసుపు రంగుకు తిరిగి, ఈనెలు మాత్రం ఆకుపచ్చగా నిలుస్తాయి. దాన్ని పోషకాల కొరత అనుకుని మళ్లీ ఎరువు వేస్తారు. కఠిన జలం పోసే ఇళ్లలో ఈ పసుపు ఇంకా త్వరగా వస్తుంది.

ఇదే లెక్కను అటువైపు నుంచీ చూడాలి. ఒక సంచి మోతాదులో చదరపు మీటరుకు నత్రజని పన్నెండున్నర గ్రాములు. మొదటి పంటకు అందేది అందులో పావు వంతు, మూడు గ్రాములు. టమాటాకు చెప్పే మోతాదు ఎకరాకు 60 కిలోలు, అంటే చదరపు మీటరుకు 15 గ్రాములు. పశువుల ఎరువు ఒక్కటే వేసి మంచి కాపు ఆశిస్తే నిరాశ తప్పదు. మిగతాది పూత దశలోపు వర్మికంపోస్టు, వేపపిండి, కొద్దిపాటి కోళ్ల ఎరువు రూపంలో విడతలుగా ఇవ్వాలి. మాగిన కోళ్ల ఎరువైతే చదరపు మీటరుకు 300 నుంచి 500 గ్రాములు, పదడుగుల మడికి మూడు నుంచి ఐదు కిలోలు. పది కిలోలు వేస్తే టమాటా ఆకు ముదురాకుపచ్చగా, ఏపుగా పెరిగి పూత రాలిపోతుంది. జీవామృతం మీద కూడా ఇక్కడే ఒక మాట. 10 కిలోల పేడ, 10 లీటర్ల మూత్రంతో 200 లీటర్లు చేసి ఎకరమంతా పారించే ద్రవంలో నత్రజని కొన్ని వందల గ్రాములకు మించదు. సూక్ష్మజీవుల తోడుగా దాన్ని వాడుకోవచ్చు, ఎరువు స్థానంలో లెక్క వేసుకోకూడదు.

మొదటి ఏడు, అదీ ఉత్త చల్కా నేలకు, రెండు సంచులు వేయవచ్చు. తర్వాత ఏటా ఒకటి. ఒకేసారి ఎక్కువ వేసి నాలుగేళ్లు మరచిపోవడం ఇక్కడి వేడికి పనికిరాదు, సేంద్రియ పదార్థం త్వరగా కరిగిపోతుంది. వేసిన ఎరువును ఎండలో పైన వదిలేయకుండా అదే రోజు నాలుగు నుంచి ఆరంగుళాల లోతులో కలపాలి. మొక్క మొదలుకు ఆనించి పోయకూడదు, కాండం కుళ్లుతుంది. పెద్ద చెట్లకు కాండం దగ్గర వేళ్లు తాగేవి కావు. పదేళ్లు దాటిన మామిడికి 50 కిలోల ఎరువును మధ్యాహ్నం ఎండలో కొమ్మల నీడ పడే అంచున చుట్టూ చిన్న కాలువ తీసి వేయాలి.

మిద్దె మీద లెక్క వేరు. ఎరువు కుండీలో చివుకుతూ దిగిపోతుంది. సగం ఎరువుతో నింపిన కుండీ ఆరు నెలలకు రెండు మూడు అంగుళాలు కుంగి, మిగిలింది గట్టిపడి నీళ్లు దిగవు. 20 లీటర్ల బకెట్‌కు ఎర్రమట్టి 10 లీటర్లు, మాగిన ఎరువు 4, కోకోపీట్ (కొబ్బరి పొట్టు) 4, ముతక ఇసుక 2, పైగా వేపపిండి 100 గ్రాములు. ఎరువు అయిదో వంతు దాటకూడదు. రెండు నెలలకోసారి పైన రెండు గుప్పిళ్ల వర్మికంపోస్టు. ఇంట్లో కుప్ప పెట్టే వీలు లేక 200 లీటర్ల డ్రమ్ములో మాగించేవాళ్లు అది కుప్పంత వేడెక్కదని గుర్తుంచుకోవాలి. కాబట్టి గడ్డి విత్తనాలు బతికే ఉంటాయి, నెలల గడువు ఇంకా ఎక్కువ పడుతుంది.

ఆకుకూరలకు మాత్రం సడలింపు లేదు. పాలకూర, కొత్తిమీర, పుదీనా నేలకు ఆనుకునే పెరుగుతాయి, చాలాసార్లు పచ్చిగానే తింటాం. అమెరికా నిబంధనల్లోనే, పచ్చి ఎరువు వేస్తే నేలను తాకే పంటకు కోతకు ముందు 120 రోజులు, తాకని పంటకు 90 రోజులు గడువు ఉండాలి. ముప్పై రోజుల్లో కోతకొచ్చే తోటకూరకు 120 రోజుల గడువు ఎలా కుదురుతుంది? కుదరదు. అందుకే ఆకుకూర మడికి మాగినదే, అదీ విత్తడానికి ముందే వేయాలి, పెరిగే పంట మీద పేడనీళ్లు చల్లకూడదు. చేతులకు తొడుగులు వేసుకోవడం, టెటనస్ ఇంజెక్షను గడువు చూసుకోవడం కూడా ఈ పనిలో భాగమే.

ఎప్పుడు

ఊళ్లలో ఎండాకాలమంతా పెంట తోలి, రోహిణి కార్తెలో చల్లి, మృగశిర వానకు దున్నే పద్ధతి నగరానికీ సరిపోతుంది, ఒక్క మార్పుతో. మే ఎండలో పొలంలో చిన్న చిన్న కుప్పలుగా వదిలేసిన ఎరువు ఎండి సారం పోగొట్టుకుంటుంది. నగరంలో ఆ తొందర లేదు కాబట్టి కుప్పగానే కప్పి ఉంచి, మృగశిర దాటి ఒకటి రెండు మంచి వానలు పడ్డాక వేయాలి. చేపమందు కోసం జనం నాంపల్లి మైదానానికి కదిలే రోజులంటే ఎరువు సంచులు విప్పే రోజులు దగ్గరపడ్డట్టే. వేశాక వెంటనే విత్తకుండా పది రోజులు మడిని తడిపి వదలాలి. ఎరువుతో వచ్చిన గరిక, వయ్యారిభామ గింజలన్నీ ఆ పది రోజుల్లో మొలుస్తాయి. రెండాకుల దశలోనే దోకుడుపారతో పైపైన చెక్కేయాలి, లోతుగా తవ్వితే కింది గింజలు పైకొస్తాయి. వయ్యారిభామను చేత్తో పీకేవాళ్లు తొడుగులు వేసుకోవాలి, దద్దుర్లు వస్తాయి.

సుమారు 800 మిల్లీమీటర్ల వానలో ఎక్కువ భాగం జూన్ నుంచి సెప్టెంబరు లోపే పడుతుంది. జులై, ఆగస్టుల్లో కోళ్ల ఎరువు వేస్తే నత్రజని కిందికి కొట్టుకుపోతుంది, కాబట్టి దాన్ని శీతాకాలపు పంటలకు దాచుకోవాలి. క్యాబేజీ, కాలీఫ్లవరు, టమాటా నాట్లకు పదిహేను రోజుల ముందు, సెప్టెంబరు చివర్లో, రెండో విడత ఎరువుకు మంచి అదును. గులాబీలకు అక్టోబరు కత్తిరింపుల తర్వాత మొక్కకు నాలుగైదు కిలోల మాగిన ఎరువు, పావు కిలో వేపపిండి కలిపి, మొదలుకు అడుగు దూరంలో వేసి కప్పాలి. రేగడి నేలల్లో ఈ పనులేవీ వాన పడ్డ మర్నాడు చేయకూడదు. పిడికిట్లో మట్టి ఉండ చేసి నడుమెత్తు నుంచి వదిలితే పగిలేంతగా ఆరాకే పార పెట్టాలి. తడి రేగడిని తొక్కితే ఎరువు గుల్ల చేసిందంతా ఒక్క పూటలో అణిగిపోతుంది.